పరదాకు గొళ్ళెం లేదు

నాకు వచ్చిన జబ్బును ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలిచారు. మా అత్తమ్మ గాలి అన్నది. మా అమ్మ భయం అన్నది. దవాఖాన గేటు దగ్గర తుపాకి పట్టుకుని నిలబడ్డ జవాను పిచ్చి అన్నాడు. నేను ఏ పేరూ పెట్టలేదు. ఊపిరి ఆడని మనిషికి పేర్లతో పనేముంది?

స్వామి దయవల్ల ఇప్పుడు నెమ్మదించింది. పొద్దున లేచి దీపం పెడుతున్నాను, బిడ్డకు నీళ్ళు పోస్తున్నాను, నలుగురితో కూర్చుని అన్నం తింటున్నాను. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాన్న ఇసుక పోసిన పళ్ళెంలో నా వేలు పట్టి దిద్దించిన అక్షరాలే నాకున్న చదువు. వాటితో ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, సూర్యాపేటలో మా వీధి చివర ఒక ఇంట్లో పడుచు కోడలిని గదిలో పెట్టి బయట గొళ్ళెం వేశారని నిన్న తెలిసింది. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మా వాళ్ళూ చెడ్డవాళ్ళు కారు. అందుకే చెప్పాలనిపించింది.

మొదలు కోదాడలో. పోలీసు యాక్షన్ కు ముందు వచ్చిన చైత్రం. నేను పుట్టింట్లో ఉన్నాను. నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలిసింది. ఖాకీ బట్టల గుంపులు ఊళ్ళ మీద పడుతున్న కాలం అది. ఆడపిల్లలున్న వాళ్ళు సరిహద్దు దాటి అవతలి జిల్లాకు పోతున్నారు. మేమూ మూటలు కట్టుకున్నాం. రేపు బండి వస్తుందనగా వాళ్ళు ఇవాళే వచ్చారు.

అమ్మ నన్ను గుమ్మిలోకి ఎక్కించింది. గుమ్మి అంటే వెదురు బద్దలతో అల్లి పేడతో మెత్తిన వడ్ల బుట్ట, మనిషి కంటే ఎత్తు ఉంటుంది. సగానికి వడ్లున్నాయి. దిగగానే మోకాళ్ళ దాకా, కదిలేసరికి నడుము దాకా దిగబడ్డాను. పైన చాట పెట్టి, చాట మీద వడ్ల గోనె కప్పింది.

“సప్పుడు చెయ్యకు బిడ్డా. దగ్గొచ్చినా మింగు” అన్నది.

బూట్ల చప్పుడు ఇల్లంతా తిరిగింది. నాన్నను కొడుతున్నట్టు తెలుస్తూనే ఉంది. ఎవరో గుమ్మిని తుపాకి మడమతో పొడిచారు. నా చెవి పక్కన పేడ పెళ్ళ రాలింది. అంతే. వాళ్ళు నన్ను చూడలేదు, నన్ను ఎవరూ తాకలేదు. ఇత్తడి సామాను పట్టుకుని పోయారు. మళ్ళీ వస్తారేమోనని అమ్మ చాలాసేపు మూత తీయలేదు. లోపల నేను స్వామి నామం అనుకుంటూ ఉన్నాను. కొంతసేపటికి నామం కూడా రాలేదు. ముక్కులో, నోట్లో వడ్ల దుమ్ము. గాలి గొంతు దాకా వచ్చి అక్కడే నిలబడి లోపలికి రానన్నది.

బయటికి తీశాక అమ్మ నా జుట్టులో వడ్లు ఏరుతూ చెప్పిన మాట ఇది: “ఎవ్వరికీ చెప్పకు. అత్తగారింట్లో అసలే చెప్పకు. గుమ్మిలో కూసున్నదంటే ఎవ్వరూ నమ్మరు. ఇంట్లోకి వచ్చారంటే మాత్రం అందరూ నమ్ముతారు.”

నేను చెప్పలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. నాన్నకు తగిలిన దెబ్బలకు బండి మీంచి పడ్డాడని చెప్పుకున్నాం.

యాక్షన్ అయిపోయింది. జనం వీధుల్లో నవ్వుతూ తిరిగారు. కార్తీకంలో నాకు ఆడపిల్ల పుట్టింది, కోదాడలోనే, అదే ఇంట్లో. చలి రోజులు. బాలింతకు గాలి తగిలితే వాతం కమ్ముతుందని మంత్రసాని చెప్పింది. మా అమ్మ కిటికీ మూసి, సందుల్లో గోనెలు కుక్కింది. తలుపు దగ్గరికి వేసి లోపల కుంపటి పెట్టింది. అందరి ఇళ్ళలోనూ అంతే చేస్తారు. మా అత్తమ్మ అట్లాగే పడుకున్నది, మా అమ్మ అట్లాగే పడుకున్నది.

కాని ఆ గోనెలు వడ్ల గోనెలు. కుంపటి వేడికి వాటిలోంచి ఆ వాసన వచ్చింది.

ఒక మధ్యాహ్నం బిడ్డకు పాలిస్తూ ఉండగా ఆ వాసన తగిలింది. తరువాత నేను వాకిట్లో, చెమటకు తడిసిన జుట్టుతో, ఎండలో కూర్చుని ఉన్నాను. ఎట్లా వచ్చానో తెలియదు. బిడ్డ లోపల ఏడుస్తున్నది. అమ్మ పరుగెత్తుకొచ్చి నా నెత్తి మీద కొంగు కప్పింది. నన్ను మళ్ళీ లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. వేస్తూ వేస్తూ ఏడ్చింది. ఆమెకు తెలుసు. తెలిసీ వేసింది. గాలి తగిలితే నేను చచ్చిపోతానని ఆమె నమ్మకం. అందుకు నేను అమ్మను ఏనాడూ తప్పు పట్టలేదు, ఇప్పుడూ పట్టను. ఆ గదిలో ఎన్నిసార్లు మునిగి తేలానో మాత్రం స్వామికే తెలుసు.

మాఘంలో సూర్యాపేటకు, అత్తగారింటికి వచ్చాను. ముందు బట్టల కొట్టు, వెనక ఇల్లు. వీధిలోకి ఒకటే వాకిలి. మా అత్తమ్మ గొంతు గురించి చెప్పాలి. ఆమె కొట్లో కూర్చుని చీర బేరం చేస్తుంటే పక్క వీధిలో కూడా ధర తెలుస్తుందని మా ఆయన నవ్వేవారు. మనసు మంచిది, నోరు మాత్రం ఆగదు.

అక్కడికి వచ్చాక నాకు గొళ్ళేలు కనిపించడం మొదలైంది. ఇంట్లో ఎన్ని తలుపులకు ఎన్ని గొళ్ళేలున్నాయో అంతకు ముందు ఎవరైనా చూస్తారా? నేను చూశాను. దేవుడి గదికి కూడా ఉంది. ఫాల్గుణంలో ఒక పగలు అందరూ కొట్లో ఉన్నప్పుడు గడ్డపార తెచ్చి అన్నీ పీకి పెరటి బావిలో వేశాను. వేస్తుంటే బుడుంగుమని శబ్దం వచ్చిన ప్రతిసారీ నాకు ఒక ఊపిరి ఆడింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

సాయంత్రం అత్తమ్మ వాకిలి వేయబోయి నిలబడిపోయింది.

“గొళ్ళెమేదే?”

“బావిలున్నది.”

“బావిల ఎందుకున్నది?”

“ఊపిరాడక ఏసిన.”

“గొళ్ళెం తీస్తే ఊపిరాడుతదా? గట్లయితే దొంగలంత హాయిగ ఊపిరి పీల్చుకునేటోళ్ళు ఇంకొకళ్ళు లేరు!” అని, కొడుకు వైపు తిరిగి, “సూస్తివారా, నీ పెండ్లాం దొంగలకు దావత్ ఇచ్చింది” అన్నది.

ఆ పూట వాకిలికి అడ్డంగా తిరగలి దొర్లించి, దాని మీద వడ్లు దంచే రోకలి ఆనించి, దాని పక్కన తాను పడుకున్నది. మరునాడు వడ్రంగి వచ్చి కొత్త గొళ్ళేలు బిగించాడు. మొదటిది నా గదికి, బయటి వైపు. బిడ్డను అత్తమ్మ తన దగ్గరికి తీసుకున్నది. పాలకు మాత్రం తెచ్చి, పాలు తాగేదాకా గుమ్మంలో నిలబడి, తీసుకుపోయేది. దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొచ్చింది. ఎండలో నడిచి పోయి, ఎండలో నడిచి వచ్చింది. అదీ ప్రేమే.

ఆ గదిలో నాకు మిగిలింది తలుపు కింద వేలెడు సందు. నేల మీద పడుకుని ముఖం అక్కడ పెట్టేదాన్ని. కొట్లో గజంబద్ద చప్పుడు, ఎద్దుల గంటలు, మా అత్తమ్మ చీర ధర. లోకం అంతా ఆ సందులోంచే వచ్చేది. మా ఆయన మధ్యాహ్నం అన్నానికి వచ్చి, తిన్నాక తలుపు అవతల కూర్చునేవారు. ఆయనకు ఓదార్చడం రాదు. తన తువ్వాలు కొసను సందులోంచి లోపలికి తోసేవారు. నేను ఇటు పట్టుకునేదాన్ని, ఆయన అటు పట్టుకునేవారు. ఒక్కోసారి అట్లాగే కునుకు పట్టేది. తువ్వాలు కదిలితే ఆయన కొట్లోకి పోయారని తెలిసేది.

నేను మాట్లాడటం తగ్గించేశాను. ఏమని చెప్పను? గుమ్మి గురించి చెప్పకుండా ఏం చెప్పినా పిచ్చి మాటే అవుతుంది. గుమ్మి గురించి చెబితే అమ్మ మాట తప్పినట్టవుతుంది.

చైత్రంలో సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. అంతకు కొద్ది రోజుల ముందే అక్కడ ఒక గొడవ అయింది. దవాఖానలో ఎవరో మనిషి చనిపోతే అతని వాళ్ళు మీదపడి కాంపౌండరు తల పగలగొట్టారు. ఆయన చాలా నెమ్మదస్తుడు. మా కొట్టుకు వస్తే చెప్పులు బయట విడిచి, బేరం చేయడానికి కూడా మొహమాటపడేవాడు. దవాఖానలో పనిచేసేవాళ్ళ మీద ఇట్లా చేయి చేసుకుంటే ఊరుకునేది లేదని సర్కారు గేటు దగ్గర తుపాకి జవానును పెట్టింది. మతి బాగాలేని వాళ్ళను గూర్చి కూడా ఏదో హుకుం వచ్చిందని అనుకుంటున్నారు. మాకు అంతకు మించి తెలియదు.

గేటు దగ్గరికి వచ్చాక నాకు మొదట కనిపించినవి బూట్లు. తరువాత ఖాకీ. నేను వెనక్కి తిరిగాను. అతడు తుపాకి అడ్డం పెట్టాడు. నేను దాని కింది నుంచి దూరి లోపలికే ఉరికాను, బయటికనుకుని. ఎదురుగా నర్సమ్మ సీసాల పళ్ళెం పట్టుకుని వస్తున్నది. పళ్ళెం పడింది. సీసాలు పగిలి గాజు ముక్క ఆమె పాదంలో దిగింది.

“పాగల్! పాగల్!” అని జవాను అరుస్తూ నా రెక్కలు పట్టుకున్నాడు.

ఇంటికి తెచ్చారు. గదిలో పెట్టారు. రెండో రోజో మూడో రోజో ఆ నర్సమ్మే కుంటుకుంటూ మా ఇంటికి వచ్చి, నా గది తలుపు తీయించి గుమ్మంలో నిలబడింది. పేరు సుగుణమ్మ. కోదాడ అవతలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల ఇంటి మనిషి. కాలికి కట్టు ఉంది. నేను ఆ కట్టు వైపే చూస్తున్నానని గమనించి పాదం చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కున్నది.

“నేను తగూకి రాలేదమ్మా. ఒక సంగతి చెప్పిపోదామని వచ్చాను” అన్నది.

“కాపలోన్ని పెట్టి మనుషులను బెదిరిస్తరా? గది దవాఖాననా, ఠాణానా?” అని అత్తమ్మ మొదలుపెట్టింది.

“కాపలా వద్దని నేననను పెద్దమ్మా. కాంపౌండరు గారి తలకు కుట్లు వేసేటప్పుడు పట్టుకున్నది నేనే. ఆయన పిల్లలు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. మాకూ ఇళ్ళున్నాయి గదా.”

అత్తమ్మ ఆమె ముందుకు పీట జరిపింది.

సుగుణమ్మ చెప్పిన సంగతి ఇది. మతి బాగాలేని వాళ్ళను చూడటానికి సర్కారు పట్నం నుంచి పెద్ద డాక్టరును పంపుతున్నది. వైశాఖంలో ఆయన మిర్యాలగూడ దవాఖానలో కూర్చుంటాడు, చుట్టుపక్కల వాళ్ళందరినీ అక్కడికే తేవాలి. సీసాలు పగిలి నర్సుకు దెబ్బ తగిలింది కనుక నా పేరు అక్కడికి వెళ్ళింది. పోకపోతే పోలీసులు వచ్చి తీసుకుపోతారు.

“ఇంతకు ముందు ఇట్టాంటి వాళ్ళను ఠాణాలో దొంగలతో కలిపి పెట్టేవాళ్ళు. ఇప్పుడు డాక్టరు చూస్తున్నాడు, అది మేలే” అని, గొంతు తగ్గించి నాతో అన్నది, “కాని చూసేది మూసిన గదిలో. డాక్టరుకు ప్రమాదం రాకుండా తలుపు వేసి, జవాను బయట గొళ్ళెం పెట్టి నిలబడతాడు. అదే ఉత్తర్వు. నువ్వు లోపల గోల చేశావనుకో, ప్రమాదకరం అని రాస్తారు. రాస్తే పట్నం పిచ్చాసుపత్రికే. పసిపిల్లను వెంట తీసుకుపోనివ్వరు. అందుకని అరవకమ్మా. ఆ కాసేపు పళ్ళు బిగబట్టుకో.”

ఆమె దయతోనే చెప్పింది. నాకు మాత్రం గుమ్మి మీద చాట పెట్టినట్టయింది. పోకపోతే పోలీసులు. పోతే మూసిన తలుపు. తలుపు వేస్తే అరవకుండా ఉండలేనని నాకు తెలుసు. అరిస్తే బిడ్డ దక్కదు. ఎటు తిరిగినా అదే గోడ తగిలేది. ఆ రోజుల్లో నేను స్వామిని అడిగింది ఒకటే: నాకు బాగుచేయమని కాదు, ఆ కాసేపు నా నోరు తీసుకోమని.

బస్సులో పోదామన్నారు. తలుపు వేసే బస్సు నేను ఎక్కలేదు. అందుకని మా ఆయన చుట్టాల కచ్చరం బండి అడిగి తెచ్చారు. గూడు కట్టిన బండి. కోడలి పిచ్చి ఊరంతా చూడొద్దని మా అత్తమ్మ కొట్లోంచి ముదురాకుపచ్చ గుడ్డ చింపి ముందూ వెనకా పరదా కట్టింది. సిగ్గుకు కట్టిన గుడ్డ అది. ఎండలో మెల్లగా పోయాం. మధ్యలో ఒక ఊళ్ళో ఆగి వండుకుని తిన్నాం. అప్పుడు ఒక సంగతి గమనించాను గాని ఎవరికీ చెప్పలేదు: ఆ పరదా లోపల నాకు ఊపిరి ఆడుతున్నది. గాలి వచ్చినప్పుడల్లా గుడ్డ ఉబ్బుతుంది, పోతే పడుతుంది. కొస నా చేతిలోనే ఉంది. తీయాలనుకుంటే తీస్తాను.

మిర్యాలగూడ దవాఖాన వరండా నిండా మనుషులు. మమ్మల్ని గేటు లోపల చింతచెట్టు నీడలో బండి విప్పుకోనిచ్చారు. నేను, అత్తమ్మ వరండాలో కూర్చున్నాం. బిడ్డ ఆమె ఒడిలో ఉన్నది. నా పక్కన ఒక ముసలాయన తన కొడుకు నడుముకు తలపాగా కట్టి, రెండో కొస తన మణికట్టుకు కట్టుకున్నాడు. అవతల హాలియా నుంచి వచ్చిన ఒక అవ్వ తన కూతురికి విసురుతూ, మధ్యలో నాకూ రెండు ఊపులు విసిరింది. అడగకుండానే విసిరింది.

“మీదేంది?” అని అత్తమ్మను అడిగింది.

“మాది గాలి. మీది?”

“మాది దేవర అన్నరు, కాదన్నరు. ఇంక పేరు పెట్టలె.”

“మాకూ ఇంతే. బారసాల కంటే కష్టమున్నది ఈ పేరు పెట్టుడు” అన్నది అత్తమ్మ. ముసలాయన కూడా నవ్వాడు.

అప్పుడే ఆ అవ్వ కూతుర్ని పిలిచారు. ఆమె నెమ్మదిగానే లేచిపోయింది. జవాను తలుపు వేసి గొళ్ళెం పెట్టాడు. ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు అయ్యీ కాకముందే లోపల నుంచి కేక వచ్చింది. కేక మీద కేక. అవ్వ విసనకర్ర పట్టుకునే లేచి నిలబడ్డది. “అది గట్ల అరవదయ్యా, దర్వాజ తియ్యండి, అది గట్ల అరవదు” అంటున్నది. తలుపు తీసినప్పుడు ఆమెను ఇద్దరు పట్టుకుని పక్క గదిలోకి తీసుకుపోయారు. తరువాత పట్నం పోయే బండిలో ఆమెను ఎక్కించారని విన్నాం.

అప్పుడు, ఇన్ని నెలల్లో మొదటిసారి, అత్తమ్మతో నేనుగా మాట్లాడాను.

“అత్తమ్మా, దర్వాజ పెడితె నేను గూడ గంతే మొత్తుకుంట. ఆపుకుందామన్నా ఆగది. బిడ్డను మీరే సాకున్రి.”

ఆమె నా ముఖంలోకి చూసింది. నా పేరు పిలిచారు. నేను లేవబోతే ఆమె నా భుజం నొక్కి కూర్చోబెట్టి, తాను లేచి, నా కొంగు లాగి నా ముఖం మీదికి దించి, కొట్టు గొంతుతో అన్నది:

“మా కోడలు పరదా మనిషి. పరాయి మగోని గదిలకు రాదు. మా ఇంట్ల ఏడు తరాల సంది గంతే. డాక్టరు సాబే బండి కాడికి రావాలె.”

వరండా అంతా అటు తిరిగింది. మా ఆయన నోరు తెరిచారు. మా ఇంట్లో పరదా ఏ తరంలోనూ లేదు. ఏడు తరాలు కాదు, ఏడు రోజుల కింద ఈమే కొట్టు అరుగు మీద కూర్చుని, నెత్తిన కొంగు లేకుండా, గజం గుడ్డకు బండివాడితో పోట్లాడింది.

గుమాస్తా బయటికి వచ్చి, “గదిలోనే చూడాలమ్మా, రూలు” అన్నాడు.

ఆడవాళ్ళ కోసం సుగుణమ్మను సూర్యాపేట నుంచి అక్కడికి పంపారు. ఆమె గుమ్మంలోకి వచ్చి మమ్మల్ని చూసింది. మా అత్తమ్మను చూసింది, నన్ను చూసింది. పరదా ఇళ్ళవాళ్ళ స్త్రీలను బండి దగ్గరే చూడటం మా వైపు దవాఖానల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఆమె డాక్టరు వైపు తిరిగి, “మా దవాఖానలో కూడా పరదా వాళ్ళను బండి దగ్గరే చూస్తామండీ” అన్నది. మా గురించి ఆమె అబద్ధం ఆడలేదు. దవాఖాన గురించి నిజం చెప్పింది.

డాక్టరు పట్నం మనిషి, సన్నగా, కళ్ళజోడుతో ఉన్నాడు. పరదా మాట వినగానే కుర్చీలోంచి లేచాడు. “మా అమ్మ నాడి గూడ డాక్టర్లు పరదా అవతల నుంచే సూసేటోళ్ళు. ఆ సంగతి రూలు రాసినోళ్ళకు తెల్వదు పాపం. పదున్రి” అన్నాడు.

కాని డాక్టరు ఎక్కడికి పోతే జవాను అక్కడికి పోవాలి. అది తప్పదు. నేను బండెక్కి పరదా దించుకున్నాను. డాక్టరుకు స్టూలు వేశారు. బూట్లు దగ్గరికి వస్తున్న చప్పుడు విన్నాను. గొంతులో గాలి ఆగింది. అప్పుడు అత్తమ్మ గొంతు వినపడింది: “ఓ సిపాయీ! పరదా బండి దిక్కు సూడొద్దు. అటు తిరుగు.”

గుడ్డ కొస ఒక్క వేలు మందం పక్కకు జరిపి చూశాను. ఖాకీ చొక్కా నాకు వీపు చూపించి నిలబడి ఉన్నది. వీపు మీద చెమట మరక. అతని ముఖం జనం వైపు ఉంది. తొంగి చూడటానికి వచ్చినవాళ్ళను చేత్తో వెనక్కి తోస్తున్నాడు. ఆ బట్టను నేను వెనక నుంచి చూడటం అదే మొదటిసారి. చూస్తూ ఉండగా గాలి లోపలికి పోయింది.

నా చేయి పరదా కింది నుంచి బయటికి పెట్టాను. డాక్టరు నాడి పట్టుకున్నాడు.

“ఎప్పటి సంది అమ్మా?”

“కాన్పయినంక గాలి సోకి...” అని అత్తమ్మ అందుకున్నది.

“మీరు గాదు పెద్దమ్మా. ఆమె చెప్పాలె.”

నేను పరదాను చూస్తున్నాను. గాలికి ఉబ్బి పడుతున్నది. గుడ్డకు గొళ్ళెం ఉండదు కదా అనుకున్నాను. తీయాలనుకుంటే ఇప్పుడే తీయగలను. తీయగలను కనుక తీయలేదు.

“గుమ్మి సంది” అన్నాను.

అంతా చెప్పాను. బూట్లు, చాట, గోనె, నాన్నకు తగిలిన దెబ్బలు, అమ్మ జుట్టులో వడ్లు ఏరడం, పురిటి గదిలో ఆ వాసన. అమ్మ మాట తప్పుతున్నానని తెలుసు. చెప్పకపోతే బిడ్డ ఉండదు. బయట ఎద్దు మెడగంట ఒక్కటే మోగింది.

నేను ఆపాక పరదా కింది నుంచి రెండు చేతులు లోపలికి వచ్చాయి. గాజుల చేతులు, వాటి మధ్య నా బిడ్డ.

“పట్టు. పాలకు ఏడుస్తున్నది” అన్నది అత్తమ్మ.

బిడ్డ ఏడవడం లేదు. నిద్రపోతున్నది.

“నెల తప్పినదానివి వడ్లల్ల కూసున్నవా” అని, “నాకు చెప్తె నేనేమంటననుకున్నవే?” అన్నది.

“ఏమంటరో తెల్వక చెప్పలె.”

“ఏమనేదాన్నో నాకు గూడ తెల్వదు తియ్యి” అన్నది. ఆ నిజం చెప్పినందుకు ఆమెకు నేను ఎప్పటికీ మొక్కుతాను.

డాక్టరు కాగితం మీద రాశాడు. రాసింది మా ఆయనకు చదివి చెప్పాడు: ప్రమాదం లేదు, పట్నం పంపనక్కరలేదు, బిడ్డను తల్లి దగ్గరే ఉంచాలి, గది తలుపు మూయరాదు. నిద్రకు మందు ఇచ్చాడు. లేవబోతూ, “సూర్యాపేట దవాఖాన గేటు కాడ కాపలా మాత్రం నేను తియ్యలేను. మా కాంపౌండరు పాణం గూడ పాణమే. వెనక వాకిలి నుంచి రమ్మను, సుగుణమ్మ తీస్తది” అన్నాడు. ఆ తరువాత సూర్యాపేట దవాఖానకు నేను పోయినన్నాళ్ళు ఆమె వెనక వాకిలి తెరిచి పెట్టింది. ముందు గేటు నుంచి ఇప్పటికీ పోలేను. జబ్బు పూర్తిగా పోయిందని నేను చెప్పడం లేదు. వడ్ల గోనె ఇంట్లోకి వస్తే పెరట్లోకి పోతాను. ఆ సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు కనుక ఎవరూ ఏమీ అనరు.

హాలియా అవ్వ కూతురు మాత్రం నన్ను విడిచిపెట్టలేదు. ఆమె నడిచి వచ్చింది, నేను బండి మీద వచ్చాను. మా ఇద్దరికీ తేడా ఏదైనా ఉందంటే అంతే. ఆమె కూడా ఏ గుమ్మిలోంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. రోజూ దీపం పెట్టేటప్పుడు, పేరు తెలియదు కనుక, విసనకర్ర పట్టుకున్న అవ్వ కూతురు అని స్వామికి గుర్తు చెబుతాను.

జ్యేష్ఠంలో బావి అడుగంటితే పూడిక తీయించారు. బురదతో పాటు నేను వేసిన గొళ్ళేలు పైకి వచ్చాయి. అత్తమ్మ వాటిని చింతపండు, బూడిద వేసి తోమి, కొంగులో వేసుకుని నా దగ్గరికి వచ్చింది.

“ఇగో నీ సొమ్ము. దేనికి పెడ్తవో, దేనికి పెట్టవో నీ ఇష్టం. నీ చేతులతోనే కొట్టు” అన్నది.

నా గదికి బయట ఉన్న కొత్త గొళ్ళెం పీకాను. పాతదాన్ని లోపలి వైపు బిగించాను. మేకులు వంకరపోయాయి. మా ఆయన చూసి సుత్తి అందుకోబోతే అత్తమ్మ కసిరింది.

ఇది రాయడానికి ఇవాళ మధ్యాహ్నం నుంచి ఆ గదిలోనే కూర్చున్నాను. బిడ్డ ఆట చప్పుడుకు చేయి సాగడం లేదని తలుపు వేసి గొళ్ళెం పెట్టుకున్నాను. పెట్టుకున్నానని ఇంతసేపు గుర్తుకే రాలేదు. ఇప్పుడు బయట నుంచి తలుపు తడుతున్నారు.

“ఓ పిల్లా, లోపటికి రావచ్చునా?” అత్తమ్మ. ఇప్పుడు అడిగి వస్తుంది. “ఎంతసేపు రాస్తవే? ఆ ఇంటోళ్ళు నీ కాగితం సదువుతరా పెడతరా. ఆకుపచ్చ గుడ్డ పెట్టెల నుంచి తీసిన. పోయి ఆ పిల్ల దర్వాజకు కట్టొద్దాం పద. నేను మాట్లాడుత, నువ్వు పక్కన నిలవడితె సాలు.”

కాగితం మడిచి పెట్టి, గొళ్ళెం తీస్తున్నాను.